బార్బరమ్మ నోట్లో ఉప్పుచేప

రోక్కాదూరా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు, పొద్దుగూకాక మూడుదోవల పాడింటి ముందునుంచి పోవద్దని. మీరు పోదామన్నా మీ గాడిద ఒప్పుకోదు. చెవులు వెనక్కి వాల్చి, నాలుగు కాళ్ళూ నేలలో పాతేసుకుని నిలబడిపోతుంది. ఎంత కొట్టినా దెబ్బలు తింటుందిగానీ అడుగు ముందుకెయ్యదు.

ఆ ఇంటికి ఒక్కటే కిటికీ. కిటికీ కింద వానబావి. ఊటబావి కాదు — కొండవాలు మీద పడ్డ వాన నీళ్ళు తూములోంచి వచ్చి చేరే బావి. మూతి సన్నం, లోపల పొట్ట లావు. మా సిసిలీలో నీళ్ళున్నన్నాళ్ళు ఇలాంటి బావిని ఇల్లాలికంటే ఎక్కువ చూసుకుంటాం. ఎండిపోతే దాని మొహం చూడం.

కలరా వచ్చిన ఏడు ఆ ఇంట్లో ఒక కౌలుదారు కాపురముండేవాడు. ముందు అతనికి తగిలింది, తరవాత అతని తల్లికి, ఆ తరవాత పెళ్ళానికి. ఊరివాళ్ళు ఏం చేశారనుకున్నారు? మందు తెచ్చారా, రొట్టె తెచ్చారా? మేకులూ సుత్తీ తెచ్చి తలుపుకి బయటనుంచి దిగ్గొట్టేశారు.

రాత్రిళ్ళు ఆ ఆడది కిటికీ ఊచలు పట్టుకుని అడిగేదట... "అయ్యా... నీళ్ళు... చుక్క నీళ్ళు..."

కిటికీ కిందే బావి. బావి నిండా నీళ్ళు. ఒక్క చెంబు తోడి అందించిన పుణ్యాత్ముడు లేడు. కొన్ని రాత్రులు అడిగింది. ఆ తరవాత మానేసింది.

మానేసిందని వీళ్ళనుకున్నారు.

అప్పట్నుంచీ ఆ దారిన పోయినవాళ్ళంతా ఒకటే మాట. వెనకనుంచి కాదు... పక్కనుంచి కాదు... బావి అడుగునుంచి వస్తుందట ఆ గొంతు. "నీళ్ళు..." అని.

మా ఊరి రైతు లిబోరియోకి అక్కడ జరిగింది నేను విన్నది విన్నట్టు చెప్తున్నాను. మధ్యలో నా నోరు చేదైతే అది మా ఊరి మీద కోపం అనుకోండి, మీ మీద కాదు.

లిబోరియో సంగతి జరిగిన ఏడాది క్రిస్మస్ దాటాక ఒక్క చినుకు రాలలేదు. గోధుమ మడమెత్తు లేచి అక్కడే ఆగిపోయింది. ఈస్టరు నాటికి ఆకుల కొసలు పసుపెక్కాయి. ఇక మిగిలిందల్లా బార్బరమ్మే.

మా ఊరిని కాచే పునీత, అంటే సెయింటు, ఆమె. క్రీస్తుని నమ్మిందని కన్నతండ్రే ఆమెను బురుజులో పెట్టి తాళం వేశాడు. అప్పటికీ మాట వినలేదని తన చేత్తోనే తల నరికాడు. నరికి ఇంటికి పోతుంటే పిడుగు పడి బూడిదయ్యాడు. అందుకే ఉరుమూ మెరుపూ వానా ఆమె చేతిలో ఉంటాయని మా నమ్మకం. గుళ్ళో ఉన్నది నాలుగువందల ఏళ్ళనాటి చలువరాతి బొమ్మ. పలెర్మోలో చెక్కించి ఎడ్లబండి మీద తెచ్చారట. పదేళ్ళ పిల్లంత ఎత్తే ఉంటుందిగానీ ఎనిమిదిమంది మగాళ్ళు పడితేగానీ కదలదు. ఒక చేతిలో చిన్న బురుజు. కుడికాలి బొటనవేలు మా తాతముత్తాతల ముద్దులకి అరిగి నున్నబడింది. పెదాలు కాస్త విడి ఉంటాయి, ఏదో చెప్పబోయి ఆగినట్టు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కాబట్టి ముందు అడిగాం. ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని, మగాళ్ళు చెప్పుల్లేకుండా ముళ్ళకంపలు మెడలో వేసుకుని ఊరంతా తిరిగాం. వాన రాలేదు. తరవాత బెదిరించాం. దానికీ రాలేదు. ఇక శిక్షే.

శిక్షేమిటని నవ్వకండి. దేవుడు దూరపు చుట్టం, ఆయన్నేమీ అనలేం. పునీతులు మనవాళ్ళు. మన నీడన ఉండి, మన నూనెతో దీపాలు వెలిగించుకునేవాళ్ళు పని చెయ్యకపోతే అడిగే హక్కు మనకి లేదూ? దండం దశగుణం అన్నారు. బార్బరమ్మ మీది పట్టుశాలువా లాగేశారు. మెడలో గొలుసులు తీసేశారు. ఎడ్లచేత ఈడ్పించుకుపోయి మూడుదోవల దగ్గర, ఎండిన ఆ బావి మూతి అంచునే, లోపలికి చూసేట్టు నిలబెట్టారు. ఫాదర్ గారు ఆ పూట తలుపేసుకుని తలనొప్పి అన్నారు.

"చూడవే మహారాణీ, నువ్వు చేసిన ఘనకార్యం చూడు!" అని అరిచిందొకామె.

"ఇన్నేళ్ళూ నీడలో నిలబడి మన నూనె తాగిందిగా, ఇప్పుడు ఎండ తిననీ!" అంది ఇంకొకామె.

ఆ విడిన పెదాల మధ్య ఒక ఉప్పుచేప దూర్చారు. ఉప్పు తింటే దాహమేస్తుంది. దాహమేస్తే వాన విలువ తెలుస్తుంది. పాతకాలంనుంచీ ఇదే పద్ధతి. వాన పడేదాకా చేప తియ్యకూడదు, ఆమెకు నీళ్ళు చూపించకూడదు. ఎవరైనా జాలిపడి చేప తీసినా, పెదాలు తడిపినా, మన వాన పక్కూరికి పోతుంది. ఆ పని చేసిన ఇంటికి ఊళ్ళో నిప్పు పుట్టదు, ఉప్పు పుట్టదు. అందుకే రాత్రీ పగలూ కాపలా.

చేప దూరుస్తున్నప్పుడు అంతమందిలో ఒక్కతే ఏడ్చింది. లిబోరియో పెళ్ళాం, వెనేరా.

పాపం ఆ పిల్ల సంగతి వేరు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు కడుపు పండలేదు. బార్బరమ్మ కాళ్ళమీద పడి పడి మొక్కుకున్నాక ఇప్పుడు అయిదో నెల. ఆ తల్లి ఇచ్చిన బిడ్డని కడుపులో పెట్టుకుని, ఆ తల్లి నోట్లో ఉప్పు కుక్కుతుంటే చూడలేకపోయింది. ఊరు ఆ ఏడుపు చూసింది. చూసి గుర్తుపెట్టుకుంది.

లిబోరియోకి బిడ్డా కావాలి, వానా కావాలి. పంట రాకపోతే ఆగస్టుకల్లా కౌలు ఖాళీ చెయ్యమని దొర గారి గుమాస్తా మొహం మీదే చెప్పాడు. ఎనిమిదో నెల మనిషిని వెంటేసుకుని ఏ చెట్టు కిందికి పోతాడు? అందుకని వాన పడాలి. ఎవరి నోట్లో ఏం కుక్కితే పడుతుందన్నది అతనికి అనవసరం.

అతనికి కాపలా వంతు వచ్చిన రోజు పొద్దున గడ్డం గీయించుకోవడానికి గాస్పరె కొట్టుకి పోయాడు. గాస్పరె మా ఊరి మంగలి. మా ఊరి ఆడవాళ్ళలో అతను అనుకరించలేని గొంతు లేదు. కిందటి కరువులో బావి తూములోంచి లోపలికి దూరి, అడుగున కూర్చుని "నీళ్ళు..." అన్నాడు. ఆ రాత్రి కాపలా ఉన్నవాడు లాగు తడుపుకుని ఊళ్ళోదాకా పరిగెత్తాడు. ఇవాళ్టికీ వాణ్ణి "తడిలాగు" అనే పిలుస్తారు. పెళ్ళికూతురివాళ్ళు కూడా అదే అడిగారట, తడిలాగు ఇల్లెక్కడని.

"ఒరే లిబోరియో, ఈ రాత్రి నీ వంతటగా?" అన్నాడు గాస్పరె, కత్తి అతని గొంతుమీద ఆనించి. "నీ పెళ్ళాంలాంటి మెత్తగుండె అయితే ఇప్పుడే చెప్పు. ఇంకో మగాణ్ణి పంపుతాం."

"నా గుండెకేం? ఆ చలువరాయికంటే గట్టిది."

"చూద్దాం చూద్దాం. రాత్రికి కనపడతాలే." గాస్పరె కళ్ళు మూసుకుని, తల పక్కకి వాల్చి, అచ్చం వెనేరా గొంతుతో అన్నాడు: "ఏమయ్యా... దాహంగా ఉందయ్యా... ఓ చుక్క పొయ్యవూ..."

కొట్టులో ఉన్నవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. లిబోరియో కూడా నవ్వాడు. గొంతుమీద కత్తి ఉన్నప్పుడు ఎవడైనా నవ్వుతాడు. లోపల మాత్రం మండిపోయాడు.

సాయంత్రం ఇంట్లో రొట్టె, ఉల్లిపాయ మూటకడుతూ వెనేరా మెల్లిగా అంది:

"ఏమయ్యా, రాత్రి నువ్వొక్కడివే ఉంటావుగా... ఆ చేప తీసెయ్యకూడదూ?"

"నోర్ముయ్. గోడలకి చెవులుంటాయి."

"నాకు కలొచ్చింది. బిడ్డ నోరు తెరుచుకుని ఏడుస్తోంది. గొంతు రావట్లేదు. నోటినిండా ఉప్పు..."

"వాన పడకపోతే నీ బిడ్డకి ఆ ఉప్పు కూడా దొరకదు. అది తెలుసా?"

ఆమె మూట ముడి బిగించి, "ఒక్కదాన్నీ ఉండలేను. అక్క ఇంట్లో పడుకుంటా" అంది.

"పడుకో. మూడుదోవల వైపు మాత్రం పోయావో, కాళ్ళు విరగ్గొడతా. మనింటికి ఊరు నిప్పు ఆపేస్తే నువ్వూ నీ బిడ్డా చలికి చస్తారు." అని, గడప దాటబోతూ వెనక్కొచ్చి ఆమె పొట్టమీద చెయ్యి వేశాడు. గట్టిగా అరిచినందుకు అతనికే బాధేసింది. "రేపు పొద్దున్నే వచ్చేస్తాలే" అన్నాడు. తొమ్మిదేళ్ళలో ఆమె అతని మాట జవదాటింది లేదు.

అతను తిన్నగా కాపలాకి పోలేదు. బార్బరమ్మ గుడి సంఘం పెద్ద ఇంటికి పోయి, సిలువ ముట్టుకుని ప్రమాణం చెయ్యాలి. కొత్త ఉప్పుచేప ఒకటి తీసుకోవాలి. పెద్ద ఒక గ్లాసు వైను పోశాడు. కాదంటే బాగుండదు. ఇంకోటి పోశాడు. పొద్దుగూకగానే పగటి కాపలావాడు ఇతనికోసం ఆగకుండా దిగొచ్చేశాడు. లిబోరియో బయల్దేరేటప్పటికి చీకటి పడిపోయింది.

మూడుదోవలు కొండకి అవతల. ఊరి గంట అక్కడికి వినపడదు, ఊరి దీపాలు కనపడవు.

చీకట్లో ముందు తెల్లగా బార్బరమ్మ కనిపించింది. ఆమె వెనక పాడిల్లు, ఆ ఇంటికి నల్లగా కిటికీ. లిబోరియో కిటికీ వంక చూడలేదు. లాంతరు కిందపెట్టి, సిలువ గుర్తు వేసుకుని, చేప ఉందో లేదో చూశాడు.

లేదు.

పెదాలమీద ఉప్పు కూడా లేదు. ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి.

కుక్క? కుక్కకి అందదు. పిల్లి... పిల్లే అయ్యుంటుంది. పొద్దున ఊరొచ్చి చూస్తే పిల్లి అంటే నమ్ముతుందా? "మెత్తగుండె" అంటుంది. గబగబా కొత్త చేప తీశాడు. బొమ్మ బావిలోకి చూస్తూ ఉంది కాబట్టి నోరందాలంటే, ఒక చేత్తో ఆమె మెడ పట్టుకుని, మూతిమీదుగా వేలాడాలి. కాలికింద అంచురాయి కదిలింది. చిన్న పెళ్ళ ఒకటి ఊడి లోపల పడింది. టప్... అని ఎక్కడో చాలా కింద.

"నీ దుంపతెగ" అనుకుని గుండె చిక్కబట్టుకున్నాడు. చేప దూర్చేసి, వెనక్కొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లాంతరులో నూనె అయిపోవచ్చింది. కాసేపటికి అదీ ఆరిపోయింది.

గాలి లేదు. మిడత లేదు.

అప్పుడు... మూలుగు.

లిబోరియో ఊపిరి బిగబట్టాడు. మళ్ళీ ఏమీ లేదు. తన కడుపులోనే గుడగుడ అయ్యుంటుందనుకున్నాడు.

"నీళ్ళు..."

కిందనుంచి. అందరూ చెప్పినట్టే, కిందనుంచి.

అతను దేవమాత జపం మొదలుపెట్టాడు. సగంలో మాటలు మర్చిపోయి మళ్ళీ మొదటికొచ్చాడు. కలరా ఏడు తలుపుకి మేకులు కొట్టినవాళ్ళలో తన తాత ఉన్నాడని వాళ్ళ నాన్న ఒకసారి తాగి చెప్పాడు. అది ఇప్పుడే గుర్తుకు రావాలా?

"నీళ్ళు... చుక్క..."

"నేను కాదు తల్లీ," అన్నాడు. "నేనప్పటికి పుట్టలేదు. మా తాత చేసినదానికి నేనేం చెయ్యను..."

బావి ఒక్క క్షణం ఊరుకుంది. ఆ తరవాత —

"లిబో..."

ఆ చచ్చినామెకి తన పేరెలా తెలుసు? బార్బరమ్మా? ఆమెకి తెలుసు. చిన్నప్పుడు గుళ్ళో ఫాదర్ తనకి నీళ్ళు పోసి పేరు పెట్టింది ఆమె ముందేగా. పాకుతూ పోయి బొమ్మ కాళ్ళు పట్టుకున్నాడు. రాయి చల్లగా ఉంది. చేప నోట్లోనే ఉంది.

"లిబో... నేనే... వెనేరాని..."

గీరుకుపోయిన గొంతు. బావి పొట్టలో తిరిగి తిరిగి పైకొస్తోంది. అయినా అది వెనేరా గొంతే.

లిబోరియో అలాగే ఉండిపోయాడు. ఆ తరవాత, మెల్లిగా, ఇంతసేపూ బిగబట్టిన ఊపిరంతా వదిలాడు. వదిలి — నవ్వాడు. ఇంత భయపడ్డందుకు తనమీద తనకే సిగ్గేసి, ఇంకా గట్టిగా నవ్వాడు.

"గాస్పరె! ఒరే మంగలి వెధవా! బాగుందిరా... చచ్చినంత పనయింది!"

"లిబో... నేనేనయ్యా... పడిపోయా..."

"పడిపోయావా? తూములోంచి దూరి వచ్చినవాడివి ఎక్కడ పడతావురా? చేప కూడా నువ్వే కొట్టేశావా? నా లాగు తడుస్తుందనుకున్నావా? చూసుకో, పొడిగా ఉంది!"

"కాలు... విరిగింది... కదల్లేను... నీళ్ళు..."

"మెడ కూడా విరగాల్సింది. పర్లేదు, ఇంకా టైముందిలే."

ఎంత తిట్టినా కిందివాడు గొంతు మార్చలేదు. అదే లిబోరియోకి నచ్చలేదు. దొరికిపోయాక నవ్వేసి పైకి రావాలి కదా. అది ఆట. వీడు దొరికిపోయాక కూడా వదలకుండా తన పెళ్ళాం గొంతునే పట్టుకుని సాగదీస్తున్నాడు.

"ఏమయ్యా... బిడ్డకి... రక్తం..."

నవ్వంతా పోయింది. లిబోరియో ఒళ్ళు మండిపోయింది. తొమ్మిదేళ్ళు ఊరంతా అతన్ని కంచరగాడిద అన్నారు, పిల్లలు పుట్టని జంతువు అన్నారు. పడ్డాడు. ఇప్పుడు కడుపులో ఉన్న బిడ్డని కూడా ఆటకి తెచ్చాడా వీడు!

"నా బిడ్డ మాటెత్తుతావా?" బావి మూతి దగ్గర బోర్లా పడుకుని లోపలికి అరిచాడు. చీకటి తప్ప ఏమీ లేదు. "నీళ్ళు కావాలా నీకు? ఉండు, ఇస్తా. చెవులు రిక్కించి విను."

తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ తోలుతిత్తి మూత తీశాడు. బావి పక్కన రాతిమీద, సన్నటి ధారగా, తొందరేమీ లేకుండా నీళ్ళు ఒంపాడు. ఎండిన రాయి చుర్రుమంటూ పీల్చుకుంది. నాలుగు చుక్కలు అంచుమీదుగా జారి లోపల పడ్డాయి.

కింద ఏదో ఈడ్చుకుంటున్న చప్పుడు. ఆ తరవాత రాతిని నాకుతున్న చప్పుడు.

ఏం చేస్తున్నాడురా వెధవ, నాటకాలవాళ్ళు కూడా పనికిరారు, అనుకున్నాడు లిబోరియో.

"ఇంకొంచెం... నీకు దణ్ణం పెడతా... ఇంకొంచెం..."

"అయిపోయాయి. ఉన్నా నీకు పొయ్యను. నీ బొందకి పోస్తా. నా గుండె చూద్దామన్నావుగా? చూడు. బార్బరమ్మకే పొయ్యనివాణ్ణి నీకు పోస్తానా?"

కింద ఏడుపు మొదలైంది. సన్నగా, పైకి రానివ్వకుండా నొక్కుకుంటున్న ఏడుపు. లిబోరియో వెళ్ళి గోడకానుకుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని, చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. పెట్టుకుని ఈలపాట అందుకున్నాడు. చాలాసేపు పాడాడు.

వేళ్ళు తీసేసరికి బావి నిశ్శబ్దంగా ఉంది.

"గాస్పరె?"

జవాబు లేదు. విసుగొచ్చి, వచ్చిన తూములోంచే ఎలకలా జారుకున్నాడనుకున్నాడు. గెలిచానని సంతోషమేసింది. పొద్దున్నే ఆ కొట్టుకి పోయి అందరిముందూ వాడి గొంతునే అనుకరించాలి — "ఇంకొంచెం... దణ్ణం పెడతా..." — అని నిద్రలో కూడా సాధన చేసుకున్నాడు.

ఉరుముకి మెలకువొచ్చింది.

మొదట నమ్మలేదు. రెండో ఉరుము కొండని ఊపింది. మెరుపులో బార్బరమ్మ మొహం నీలంగా మెరిసింది. మొదటి చినుకు అతని చేతిమీద పడింది, అంత లావు చినుకు అతను పుట్టి చూడలేదు. ఆ తరవాత ఆకాశం కుండ బద్దలైనట్టే.

లిబోరియో ఏడ్చాడు. బొమ్మని కౌగలించుకుని, నోట్లో చేప లాగి పారేసి, తన చొక్కాతో పెదాలు తుడిచి, ఆ పెదాలని ముద్దుపెట్టుకున్నాడు.

"తల్లీ... బంగారుతల్లీ... నా గోధుమ బతికించావు, నా బిడ్డని బతికించావు! తప్పు చేశాం. వెయ్యి కొవ్వొత్తులు వెలిగిస్తా!"

తూములో నీళ్ళు గలగలమంటూ దొర్లుతున్నాయి. ఆ చప్పుడు వింటూ కాసేపు నోరు తెరుచుకుని వానలో నిలబడ్డాడు. తరవాత కొండ దిగి ఊళ్ళోకి పరుగెత్తాడు.

ఊరు ఊరంతా వీధిలో ఉంది. గంగాళాలు, బుట్టలు, దోసెడు పట్టిన చేతులు. ముసలివాళ్ళు బట్టలతో సహా తూముల కింద కూర్చున్నారు. "లిబోరియో వచ్చాడు!" అని అరిచారు. "వీడి కాపలాలో వాన పడింది! వీడి చెయ్యి మంచిది!" అతన్ని భుజాలమీదికెత్తారు. గుడి గంటతాడు చేతికిచ్చారు. తెల్లారేదాకా, చేతులు బొబ్బలెక్కేదాకా అతనే కొట్టాడు. వెనేరా ఎక్కడినుంచైనా చూస్తూ ఉంటుందని, గంట కొట్టేది తన మొగుడేనని గర్వపడుతుందని అనుకున్నాడు.

గంట వదిలాక గాస్పరె గుర్తొచ్చాడు. వాడి ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపు బార్లా తీసుంది. లిబోరియో పెద్దగా నవ్వుతూ లోపలికి దూసుకుపోయి, కుర్చీలో కూర్చున్న గాస్పరె వీపుమీద ఒక్కటి చరిచాడు.

"'ఇంకొంచెం... దణ్ణం పెడతా...' ఏడ్చావుగా ఆడదానిలా! పెట్టానా గడ్డి?"

ఎవరూ నవ్వలేదు. గదినిండా నల్లబట్టల్లో జనం. మధ్యలో మంచంమీద గాస్పరె తల్లి. గడ్డానికి గుడ్డ కట్టి, చేతుల్లో జపమాల పెట్టి ఉంది.

"అయ్యో... నాకు తెలీదురా," అన్నాడు లిబోరియో టోపీ తీసి. "ఎప్పుడు?"

"నిన్న పొద్దుగూకాక," అన్నాడు గాస్పరె. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. "నువ్వు కొండెక్కిన కాసేపటికి."

"మరి... బావిలోకి ఎప్పుడొచ్చావు?"

"ఏ బావి?"

"మూడుదోవల బావి. రాత్రి. నా పెళ్ళాం గొంతుతో..."

గాస్పరె అతని వంక వింతగా చూశాడు. "నేను అమ్మ పక్కనుంచి లేవలేదురా. వీళ్ళంతా ఇక్కడే ఉన్నారు, అడుగు."

అందరూ తలలూపారు. లిబోరియో ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఎవరో ఒకరు నవ్వేస్తారని, ఇదీ ఆటేనని అంటారని చూశాడు.

శవం తలదగ్గర కూర్చున్న వెనేరా అక్క నిన్ఫా లేచి అతని దగ్గరకొచ్చింది.

"మరిదీ, వెనేరా ఏది? పెద్దామె పోయిందని రాత్రి మీ ఇంటికి కబురంపితే లేదన్నారు. నీకు తోడుగా కాపలాకి వచ్చిందనుకున్నా."

"నీ దగ్గర పడుకుంటానంది కదా, వదినా..."

"నా దగ్గరికా? రాలేదే."

లిబోరియో తలుపువైపు తిరిగాడు. అప్పుడే గుమ్మంలోకి తడిసి ముద్దయిన ముసలి గొర్రెలకాపరి ఒకడొచ్చాడు. మందని కొండ అవతలినుంచి తోలుకొస్తున్నాడు. శవాన్ని కూడా చూసుకోలేదు, అంత సంబరంలో ఉన్నాడు.

"లిబోరియో ఇక్కడున్నాడా? ఒరే అబ్బాయ్, నీ బావి నిండిపోయిందిరా! తూములోంచి ఏరు దూకినట్టు దూకాయి నీళ్ళు. మూతిదాకా వచ్చేసి, బయటికి పొంగుతున్నాయి. చేంతాడక్కర్లేదు... చేత్తో ముంచుకు తాగొచ్చు!"

బావి నిండిందని మొదట కబురు తెచ్చినవాడికి మా ఊళ్ళో ఒక గ్లాసు వైను పోస్తారు. ముసలాడు టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఎవరు పోస్తారా అని ఒక్కొక్కరి మొహమూ చూస్తూ గుమ్మంలోనే నిలబడ్డాడు.